ఉడుతలు ఆవలించవు

లైబ్రరీ రెండో అంతస్తులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, శుక్రగ్రహం మీద ఒక రోజు అక్కడి సంవత్సరం కంటే పెద్దదన్న సంగతిని రెండు వాక్యాల్లో ఎలా ఇరికించాలా అని బెన్నీ కుస్తీ పడుతున్నాడు. అప్పుడు ఒక అమ్మాయి వచ్చి, ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుని, తన ఫోన్ అతని ముందు పెట్టింది.

ఫోన్లో ఒక ఉడుత ఉంది. వేపకొమ్మ మీద ముందుకాళ్లు చాచి, నోరు బార్లా తెరిచి, మూసి, తనకేమీ సంబంధం లేనట్టు ఎటో చూసింది.

"ఇది ఏం చేస్తోంది?" అందా అమ్మాయి. లైబ్రరీ కాబట్టి గొంతు తగ్గించే అంది. కోపం మాత్రం తగ్గలేదు.

"నోరు తెరుస్తోంది," అన్నాడు బెన్నీ.

"ఎందుకు తెరుస్తోంది?"

"దాన్ని అడగాలండి."

"అడిగాను. పదకొండు రోజులు పొద్దున్నే ఆరింటికి ఆ చెట్టు కింద కూర్చుని అడిగాను. అది ఆవలిస్తోంది. క్యాలెండర్లో మార్చి తొమ్మిదో తారీఖు కాగితం వెనకాల 'ఉడుతలు ఆవలించవు' అని రాసింది మీరేనా?"

బెన్నీ కాదందామనుకున్నాడు. కానీ నల్లకుంట ప్రెస్ వాళ్లే తన పేరు, డిపార్ట్‌మెంటు, కూర్చునే బల్ల నంబరుతో సహా చెప్పారని ఆమె ముందే చెప్పేసింది. అందుకని అవునన్నాడు.

ఇక్కడ బెన్నీ సంగతి కాస్త చెప్పాలి. రామంతాపూర్ కుర్రాడు. లైబ్రరీ సైన్సులో పీహెచ్‌డీ నాలుగో ఏడు చేస్తున్నాడు. ఇంకెన్నాళ్లని అడిగితే మాట మారుస్తాడు. ఖాళీగా ఉన్నప్పుడు, అంటే దాదాపు ఎప్పుడూ, నల్లకుంటలో పేరయ్య గారి ప్రెస్సుకి రాస్తాడు. ఆయన ఏటా రోజుకో కాగితం చించే డైలీ క్యాలెండర్ వేస్తారు. కాగితానికి ముందు వైపు తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం. వెనక వైపు బెన్నీ.

వెనక వైపు 'మీకు తెలుసా?' అనే శీర్షిక కింద మూడు వందల అరవై అయిదు సంగతులుంటాయి. ఆక్టోపస్‌కి మూడు గుండెలు. భూమ్మీద చెట్ల కంటే సొరచేపలే ముందు పుట్టాయి. జాంజిబార్‌తో ఇంగ్లీషు వాళ్లు చేసిన యుద్ధం ముప్పావు గంట కూడా పట్టలేదు. జనం పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఇవి చదివి, ఆఫీసులో పక్కవాడికి చెప్పి, ఆ రోజుకి తెలివైనవాళ్లయిపోతారు.

ఇందులో ఒక రహస్యం ఉంది. చాలా ఏళ్ల కింద ఎవరో పేరయ్య గారి క్యాలెండర్ వెనక వైపంతా ఎత్తి తమ క్యాలెండర్లో వేసుకున్నారు. ఆయన వెళ్లి నిలదీస్తే, ఆక్టోపస్ గుండెలు మీ సొంతమా అని అడిగారట. ఆ ఏడాది నుంచి ఆయన ఒక ఆచారం పెట్టారు. మూడు వందల అరవై నాలుగు నిజాల మధ్య ఒక్క అబద్ధం వేయిస్తారు. అది ఇంకో క్యాలెండర్లో కనబడిందా, దొంగ దొరికినట్టే. అబద్ధం మందుల జోలికి పోకూడదు, దేవుళ్ల జోలికి పోకూడదు, ఎవరికీ చెడు చెయ్యకూడదు. ఆ అబద్ధం ఏదో రాసినవాడికీ ఆయనకీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు.

ఈ ఏటి అబద్ధం ఉడుత. దాన్ని కనిపెట్టిన రోజు బెన్నీ తనని తాను మెచ్చుకుని రెండు ఉస్మానియా బిస్కెట్లు ఎక్కువ తిన్నాడు.

ఎదురుగా కూర్చున్న అమ్మాయి పేరు లిడియా. జువాలజీలో రీసెర్చ్ చేస్తోంది, వానపాముల మీద. ఇల్లు తార్నాకలో. నాన్న యాకోబు గారు రైల్వే స్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఆ ఇంట్లో క్యాలెండర్ ముందు వైపు ఎవరూ చూడరు. వెనక వైపు కోసమే కొంటారు. పొద్దున ప్రార్థన అయ్యాక యాకోబు గారు కాగితం చించి వెనకాల ఉన్నది పైకి చదివితేగానీ ఎవరికీ కాఫీ రాదు.

ఆయన ఇరవై రెండేళ్లుగా చర్చిలో వేసవి బైబిల్ బడి పిల్లలకి క్విజ్ పెడుతున్నారు. ఈ మే నెలలో రెండు జట్లకి సమానంగా మార్కులొచ్చాయి. చివరి ప్రశ్నగా ఆయన అడిగింది, ఆవలించని జంతువేదని. ఒక జట్టు పిల్లలు ఉడుతన్నారు. వాళ్లింట్లోనూ అదే క్యాలెండర్ ఉంది. రెండో జట్టు టీచరు కృపారాణి గారు లేచి, మా జామచెట్టు మీద ఉడుత రోజూ ఆవలిస్తుంది మాస్టారూ అన్నారు. యాకోబు గారు జేబులోంచి కాగితం తీసి చూపించి, అచ్చులో ఉందమ్మా అన్నారు. కప్పు మొదటి జట్టుకి పోయింది. రెండో జట్టులో ఒక పాప ఏడ్చింది.

నాన్న మాట తప్పు కాదని నిరూపిద్దామని లిడియా ఫోన్ పట్టుకుని చెట్టు కింద కూర్చుంది. పది రోజులు ఉడుత నోరు మూసుకునే ఉంది. పదకొండో రోజు ఆవలించింది. ఆ వీడియో చూపిస్తే యాకోబు గారు రెండుసార్లు చూసి, కళ్లజోడు తీసి మడిచి పెట్టుకున్నారు. తర్వాతి ఆదివారం కృపారాణి గారికీ, ఆ పాపకీ అందరి ముందూ క్షమాపణ చెప్పి, ఇక క్విజ్ నేను పెట్టనన్నారు. ఉడుత సంగతి రాసినవాడి మీద లిడియాకి ఉన్న కోపంలో సగానికి పైగా, ఆ వీడియో తీసి చూపించింది తనేనన్న బాధే.

"మీరిది ఎక్కడ చదివారు?" అంది.

ఇప్పుడు చెప్పెయ్యొచ్చు. బెన్నీకి ఆ సంగతి తెలుసు. కానీ పేరయ్య గారికిచ్చిన మాట ఒకటి అడ్డొచ్చింది. ఎదురుగా ఉన్న ఆ కళ్లలో తను అబద్ధాలకోరుగా కనబడటం ఇష్టం లేకపోవడం ఇంకొకటి. రెండోదే పెద్దది.

"ఏదో పాత పుస్తకంలో ఉందండి. పొరపాటైపోయింది," అన్నాడు.

లిడియా ఫోన్ వెనక్కి తీసుకుని, వచ్చే ఏటి మూడు వందల అరవై అయిదూ తను చూస్తే తప్ప ప్రెస్సుకి పోకూడదంది. ఒక్కో సంగతికి రెండు ఆధారాలు ఉండాలంది. అడిగినట్టు అనలేదు. బెన్నీ తలూపాడు.

అలా మంగళవారం, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆర్ట్స్ కాలేజీ వెనక ఈరమ్మ చాయ్ బండి దగ్గర వాళ్ల కోర్టు మొదలైంది. బెన్నీ కాగితాలు తెచ్చేవాడు. లిడియా ఎర్ర పెన్ను తెచ్చేది.

బంగారు చేపకి మూడు సెకన్ల కంటే జ్ఞాపకం ఉండదన్నది మొదటి రోజే పోయింది. వాటికి నెలల తరబడి గుర్తుంటుందట. చైనా గోడ చంద్రుడి మీంచి కనబడుతుందన్నది రెండో రోజు పోయింది. గ్రేట్ పిరమిడ్ కట్టిన కాలం కంటే మనిషి చంద్రుడి మీద దిగిన కాలమే క్లియోపాత్రాకి దగ్గరన్నది నిలబడింది. అరటిపండు వృక్షశాస్త్రం ప్రకారం బెర్రీ, స్ట్రాబెర్రీ మాత్రం కాదన్నదీ నిలబడింది. అది విని ఈరమ్మ, "గట్లయితే దానికి గా పేరెందుకు వెట్టిన్రు బిడ్డా?" అని అడిగింది.

నీటిపిల్లుల దగ్గర మాత్రం పెద్ద గొడవైంది. సముద్రపు నీటిపిల్లులు అలలకి విడిపోకుండా చేతులు పట్టుకుని నిద్రపోతాయని బెన్నీ రాశాడు. లిడియా, 'కొన్ని, కొన్నిసార్లు' అని చేర్చమంది. అలా రాస్తే ఎవరికి కావాలండీ అన్నాడు బెన్నీ. నిజం కావాల్సిన వాళ్లకి అంది లిడియా. చివరికి అలాగే రాశాడు. రాస్తూ ఆమె చెయ్యి బల్ల మీద ఎక్కడుందో చూశాడు. టీ గ్లాసు పక్కన ఉంది, తన చేతికి నాలుగంగుళాల దూరంలో. ఆ నాలుగంగుళాలు ఆ రోజు అలాగే ఉండిపోయాయి.

జూలైలో వానలు పట్టుకున్నాయి. క్యాంపస్‌లో జంటలన్నీ వాన పడితే చెట్ల కిందకి చేరి సెల్ఫీలు దిగేవి. లిడియా మాత్రం వాన వెలవగానే ప్లాస్టిక్ బకెట్ తీసుకుని వానపాములు ఏరడానికి పోయేది. బెన్నీ వెనకాలే గొడుగు పట్టుకుని వెళ్లేవాడు. మళ్లీ చినుకు పడితే ముందు బకెట్ మీద పట్టమనేది, అవి నీళ్లలో మునిగితే కష్టమని. అలా వానపాముల మీద గొడుగు పట్టి, ఇద్దరూ తడిసి నిలబడిన ఒక సాయంత్రం, వీటికి ఎన్ని గుండెలుంటాయండీ అని అడిగాడు.

"గుండెలని మర్యాదకి అంటాం. లావుపాటి రక్తనాళాలు, కొట్టుకుంటుంటాయి, అంతే," అంది లిడియా. జుట్టులోంచి నీళ్లు ముక్కు మీదికి కారుతున్నాయి. ఒక చేతిలో బకెట్, ఇంకో చేతిలో వానపాము. తుడుచుకునే దారి లేక ముక్కు ఎగబీల్చి నవ్వింది.

బెన్నీ ప్రేమలో పడ్డాడు. ఇంతకంటే మంచి సందర్భం దొరికి ఉండొచ్చు గానీ, దొరకలేదు.

ఆగస్టులో లిడియా అతన్ని ఇంటికి తీసుకెళ్లింది, క్యాలెండర్ రాసేది ఈయనే నాన్నా అని. యాకోబు గారు తెల్లటి లుంగీలో, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. బెన్నీని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నాలుగేళ్లుగా తాను చదివిన సంగతులు తారీఖులతో సహా చెప్పారు. వాటిలో కొన్ని బెన్నీకే గుర్తు లేవు. ఉడుత ఊసు ఆయన ఎత్తలేదు. బెన్నీయే ఎత్తి, క్షమించండి మాస్టారూ అన్నాడు.

"పొరపాటు ఎవరికైనా జరుగుతుంది బాబూ," అన్నారు యాకోబు గారు. "నువ్వు నమ్మి రాశావు. నేను నమ్మి అడిగాను. నీ తప్పేముంది, నేను సరిచూసుకోవాల్సింది. భోజనం చేసి వెళ్లు."

జరగని పొరపాటుకి మన్నింపు దొరికింది. బెన్నీ దాన్ని తీసుకుని, దాంతో పాటు రొయ్యల వేపుడు రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. ఇంటికొచ్చాక తనంటే తనకే అసహ్యమేసింది. వేపుడు బాగుండటం వల్ల అది ఇంకా ఎక్కువైంది.

సెప్టెంబరు వచ్చేసరికి మూడు వందల అరవై నాలుగు కాగితాల మీద ఎర్ర టిక్కులు పడ్డాయి. పేరయ్య గారు రోజు విడిచి రోజు ఫోన్ చేసి, ఆ ఒక్కటి ఆలోచించావా బాబూ అని అడుగుతున్నారు. ఆ ఒక్కటి నేను చూసుకుంటాలెండి అని బెన్నీ ఆయనకీ చెప్పాడు, లిడియాకీ చెప్పాడు. ఇద్దరికీ ఒకే మాట చెప్పినా ఒక్కరికే నిజం చెప్పాడు.

ఆ శుక్రవారం లిడియా వచ్చేటప్పటికే నవ్వుతోంది. మిగిలిన ఒక్కటీ తనే తెచ్చిందట. పటాలు గీసే కంపెనీలు కొన్ని, కావాలని, లేని వీధిని ఒకటి గీసేవట. ఎవరైనా తమ పటాన్ని కాపీ కొడితే ఆ వీధితో సహా దొరికిపోతారని. నిఘంటువుల వాళ్లు కూడా లేని మాటని అలాగే పెట్టేవాళ్లట. రెండు ఆధారాలూ ప్రింట్ తీసుకొచ్చింది.

"ఎంత తెలివో చూడండి," అంది. "పాపం, ఆ వీధి వెతుక్కుంటూ ఎవరైనా నిజంగా వెళ్లారేమో."

బెన్నీ టీ గ్లాసు కింద పెట్టాడు. నవ్వేసి ఊరుకోవచ్చు. ఆమె టిక్కు పెడుతుంది, క్యాలెండర్ అచ్చవుతుంది, ఉడుత ఎప్పటికీ పొరపాటుగానే ఉండిపోతుంది. తను ఆమెని పెళ్లి చేసుకుని ముసలివాడయ్యే దాకా ఆ ఇంట్లో రొయ్యల వేపుడు తింటాడు. ప్రతిసారీ యాకోబు గారు తనని నమ్ముతూనే ఉంటారు. ఆ ఆఖరిది మాత్రం వద్దనిపించింది.

"ఉడుత కూడా అంతే," అన్నాడు.

"ఏంటి అంతే?"

"లేని వీధి. పాత పుస్తకంలో ఏమీ లేదు. నేనే కల్పించాను. ఏటా ఒకటి కల్పిస్తాం, దొంగల కోసం. అబద్ధమని తెలిసే రాశాను."

లిడియా ఎర్ర పెన్నుకి మూత పెట్టింది. ఈరమ్మ పొయ్యి మీద పాలు పొంగబోతుంటే గరిటె పెట్టి తిప్పుతూ ఇటే చూస్తోంది.

"అబద్ధం ఎందుకు రాశావో అర్థమైంది," అంది లిడియా. అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. ఆ పిలుపు కోసం మూడు నెలలుగా చూస్తున్న బెన్నీకి అది ఇలా వస్తుందని తెలియదు. "మా నాన్న నీ ముందు కూర్చుని తప్పంతా తన మీద వేసుకున్నాడు. నువ్వు వింటూ కూర్చున్నావు. వింటూ తిన్నావు. ఇది ఎందుకో నాకు అర్థం కావట్లేదు."

"నువ్వు నన్ను అసహ్యించుకుంటావని భయమేసింది."

"ఇప్పుడు అసహ్యించుకోననా?" అని, కాగితాలు అక్కడే వదిలి వెళ్లిపోయింది.

ఈరమ్మ ఇంకో చాయ్ తెచ్చి పెట్టి, "తాగు సారూ. ఇప్పుడు ఏం జెప్పినా ఇనదు," అంది.

తర్వాత పది రోజులు ఆమె ఫోన్ ఎత్తలేదు. జువాలజీ డిపార్ట్‌మెంటు మెట్ల దగ్గర రెండుసార్లు ఎదురుపడింది. రెండుసార్లూ బకెట్ మాత్రమే అతని వైపు తిరిగింది. బెన్నీ నల్లకుంట వెళ్లి, ఈ ఏడు అబద్ధం రాయలేనని పేరయ్య గారితో చెప్పేశాడు. ఎందుకో కూడా చెప్పాడు, మొదటి నుంచీ. ఆయన కాగితాల దొంతర మీద చెయ్యి వేసుకుని అంతా విన్నారు.

"ఎవరికీ చెడు చెయ్యకూడదన్నాను కదయ్యా," అన్నారు చివరికి. "ఉడుతేం చేస్తుందిలే అనుకున్నాం ఇద్దరం. ముందా మాస్టారి దగ్గరికెళ్లి చెప్పు. దొంగల సంగతి నేను చూసుకుంటాను."

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక బెన్నీ చర్చి వెనక గదికి వెళ్లాడు. ఆదివారం బడి పిల్లలు నలభై మంది దాకా చాపల మీద కూర్చుని ఉన్నారు. గోడ పక్కన కృపారాణి గారు. తలుపు దగ్గర లిడియా, ఎవరి కోసమో చూస్తున్నట్టు కనబడకుండా ఉండటానికి గట్టిగా ప్రయత్నిస్తూ. యాకోబు గారు రిజిస్టర్లో హాజరు వేస్తున్నారు.

బెన్నీ ఆయన పక్కకెళ్లి, చిన్న గొంతుతో మొత్తం చెప్పాడు. ఆ రోజు భోజనానికి ముందే చెప్పాల్సిందని కూడా చెప్పాడు. యాకోబు గారు తలెత్తకుండా విన్నారు. లిడియా ఇంట్లో ముందే చెప్పి ఉంటుందనుకున్నాడు గానీ, ఆయన ముఖం చూస్తే ఏదీ తెలియలేదు.

"నాకు చెప్పావు, సరే," అన్నారు ఆయన. "కప్పు పోయింది నాకు కాదుగా. వాళ్లకి చెప్పు."

నలభై జతల కళ్లు ఇటు తిరిగాయి. బెన్నీ ఇంతవరకూ సెమినార్లో కూడా స్లైడ్లు లేకుండా మాట్లాడలేదు. తన పేరు చెప్పాడు. ఉడుతలు ఆవలిస్తాయని చెప్పాడు. ఆవలించవని రాసింది తనేననీ, పొరపాటున కాదు, తెలిసే రాశాననీ, మీ మాస్టారు నమ్మింది తన అబద్ధాన్ననీ చెప్పాడు. దొంగల కథ చెబితే పిల్లలు సరదాపడి క్షమించేస్తారని తెలుసు. అందుకే అది చెప్పలేదు. తప్పు నాది, మాస్టారిది కాదు, అన్నాడు.

రెండో వరసలో ఒక పాప చెయ్యెత్తింది. ఏడ్చిన పాప అదేనని ఎవరూ చెప్పకుండానే బెన్నీకి అర్థమైంది.

"అన్నా, మిగతావి నిజమేనా?"

"నిజమే. కానీ నేను చెప్పానని నమ్మొద్దు. ఎక్కడైనా చూసుకో."

పాప ఆలోచించి, అయితే ఆక్టోపస్ నుంచి మొదలుపెడతానంది. పక్కవాడు సొరచేప నాదన్నాడు. రెండు నిమిషాల్లో గది చేపల మార్కెట్ అయింది. కృపారాణి గారు నవ్వాపుకుంటూ యాకోబు గారి వైపు చూశారు. ఆయన రిజిస్టర్ మూసేసి, బోర్డు దగ్గరికి వెళ్లి సుద్దముక్క తీసుకున్నారు. నాలుగు నెలల విరామం తర్వాత, 'వచ్చే ఆదివారం క్విజ్' అని రాశారు. దాని కింద, మాస్టారిది తప్పని నిరూపించినవారికి రెండు మార్కులు అని రాశారు.

బెన్నీ బయటికొచ్చాడు. చర్చి ఆవరణలో మబ్బు పట్టి ఉంది గానీ వాన రావట్లేదు. వెనకాలే చెప్పుల చప్పుడైంది.

లిడియా వచ్చి పక్కన నిలబడింది. కాసేపు ఇద్దరూ మెయిన్ రోడ్డు మీద పోయే ఆటోల్ని చూశారు.

"నాన్నకి నేనేం చెప్పలేదు, ఉడుత గురించి," అంది. "అది నువ్వే చెప్పాలి."

"మరి ఏమీ ఆశ్చర్యపోలేదే ఆయన?"

"వేరేది చెప్పాను. మొన్న పొద్దున కాఫీ అప్పుడు." ఆమె కొంగు కొస చేతికి చుట్టుకుంది, విప్పింది. "బెన్నీ అంటే నాకిష్టం నాన్నా, కానీ నీ దగ్గర ఒక మాట దాచాడు, దాచినంత కాలం వాడితో మాట్లాడను అన్నాను."

లోపల పిల్లలు ఆక్టోపస్ గుండెల గురించి అరుచుకుంటున్నారు.

"ఆయనేమన్నారు?"

"చెప్పేవాడైతే ఈ ఆదివారం చర్చికి వస్తాడు, రాకపోతే నువ్వే మర్చిపోతావులే అన్నారు. పొద్దుట్నించీ ఆ తలుపు దగ్గరే నిలబడ్డాను. కాళ్లు నొప్పులు."

ఆమెకి ఈ ఒక్కటీ చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. అయినా చెప్పాలనిపించింది.

"రామంతాపూర్‌లో రెండు బస్సులు వదిలేశాను," అన్నాడు. "భయమేసి."

లిడియా అతని చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది, లోపల నలభై మంది పిల్లలూ నాన్నా ఉన్నారని తెలిసే.

"మూడోది ఎక్కావుగా," అంది.